అత్త చేతి మీద ప్రతి చుక్కా

పోయిన నెల కోరుట్లలో మా పెద్దబాపు స్టూడియో గదిని ఖాళీ చేస్తూ ఆయన కొడుకు నాకు ఫోన్ చేశాడు. పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న, నాకు ఫోటోలు తీయడం నేర్పినవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. "అక్కా, ఈడ బిస్కెట్ల డబ్బొకటి దొరికింది. మూత మీద బాపు నీ పేరు రాసిండు. జగిత్యాల దిక్కు అచ్చేటోళ్లు ఎవలన్న ఉంటె పంపుతలే" అన్నాడు. అంత ఓపిక నాకెక్కడిది? మోకాళ్లను తిట్టుకుంటూ మరునాడు పొద్దున మొదటి బస్సుకే పోయాను. మూత ఊడదీయగానే ఫోటోలు కడిగే హైపో మందు వాసన గుప్పుమంది. పుల్లగా, ముక్కు లోపలి దాకా పోయి కూర్చునే ఆ వాసన ఇన్నేళ్లూ ఆ డబ్బాలో ఎట్లా దాక్కుందో ఏమో. లోపల బటర్ పేపర్లో చుట్టిన నెగెటివ్ ముక్కలున్నాయి. కిటికీ దగ్గరికి పోయి ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టుకుని చూశాను. అన్నిట్లోనూ ఒకటే చెయ్యి. ముంజేయి మణికట్టు నుంచి మోచేతి దాకా పచ్చబొట్టు. నెగెటివ్‌లో నలుపు తెలుపవుతుంది కదా, చుక్కలన్నీ తెల్లగా ఉన్నాయి. కొన్నింటిలో అంచులు కరిగిపోయాయి, కొన్నింటిలో మొత్తం అలికేసినట్టు ఉంది. అన్నిటికన్నా అడుగున ఉన్న ముక్కలో మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా ప్రతి చుక్కా విడివిడిగా నిలబడి ఉంది. అది మా నర్సవ్వత్త చెయ్యి. నాకు అక్కడే కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవలసిన పని కూడా అనిపించలేదు.

మాది బుగ్గారం. మా బాపు, అంటే నాన్న, కల్లు కోసం తాటిచెట్లు గీసేవాడు, ఆయన తండ్రీ అదే పని. పెద్దబాపు కూడా అదే చేయాల్సినవాడు గానీ చెట్టు సగం ఎక్కగానే కళ్లు తిరిగేవట. రెండుసార్లు మోకు పట్టుకుని అక్కడే గుడ్లు తేలేస్తే కింద నుంచి తాత అరిచి అరిచి దింపాడని మా ఇంట్లో పండగకొకసారి చెప్పుకుని నవ్వేవాళ్లు. అట్లా చెట్టు తప్పించుకుని, కరీంనగర్‌లో ఎవరి దగ్గరో పని నేర్చుకుని, కోరుట్లలో స్టూడియో పెట్టాడు. బుర్ఖా తీసి కూర్చోవలసిన ఆడవాళ్లు, దుబాయిలో ఉన్న పెనిమిటికి ఫోటో పంపుకునే కొత్త కోడళ్లు మగవాడి ముందు ముడుచుకుపోతున్నారని గమనించి, ఇంటర్ అయిపోయి ఊరికే కూర్చున్న నన్ను తీసుకుపోయాడు. "ఆడివిల్ల ఫోటోలు దీసుడేంది" అని ఊళ్లో నలుగురు నోరు చేసుకున్నారు. "మీ ఇంట్ల ఆడోళ్ల ఫోటో కావాల్నంటె అప్పుడు జెప్పుండ్రి" అని పెద్దబాపు ఒక్క మాటతో ఊరుకోబెట్టాడు. పొద్దున్నే స్టూడియో ఊడ్చి, ఆయన పాత ధోతి చింపిన మెత్తటి గుడ్డతో లెన్సులు తుడిచి, మందులు కలిపి పెట్టడం నా పని. ఆయన చీకటి గదిలోకి పోయేముందు కాళ్లు కడుక్కునేవాడు, గుడికి పోయినట్టే. దుమ్ము లేస్తుందని ఆయన చెప్పేవాడు, భక్తి అని నేననుకునేదాన్ని.

నర్సవ్వత్త ఈ ఇద్దరన్నదమ్ములకూ ఒక్కతే చెల్లెలు. సిరిసిల్లలో ఉండేది. మామ మల్లేశం సాంచాల మీద పని చేసేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలనే అంటారు. అత్తకు పిల్లల్లేరు. అందుకని ఏడో తరగతి నుంచి పది దాకా నన్ను తన దగ్గరే పెట్టుకుని చదివించింది. ఆ ఇల్లు నాకిప్పటికీ వాసనలతోనే గుర్తొస్తుంది. నూలుకు పట్టించిన గంజి, యంత్రాల నూనె, పొద్దున అత్త చేసే జొన్నరొట్టెల మాడు. ఒక చేత్తో చరఖా తిప్పుతూ ఇంకో చేత్తో కండెకు దారం చుట్టేది. ఆ కండెలు పక్క షెడ్లలో సాంచాలకు పోయేవి. గోడ అవతల ఎనిమిది సాంచాలు, ఎదురుగా పన్నెండు, గల్లీ అంతా అంతే. టకాటకా టకాటకా, పగలూ రాత్రీ. మొదటి వారం నాకు తల పగిలిపోయింది. తర్వాత ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టేది కాదు. పడుకున్నప్పుడు అత్త ఎడమ చెయ్యి నా మీద వేసుకుని, ముంజేతి మీది పచ్చబొట్టును వేలితో తడుముతూ పడుకునేదాన్ని. నడుమ తులసి గద్దె, రెండు పక్కలా రెండు చిలుకలు, వాటి చుట్టూ చెయ్యి వంపు తిరిగి పోయే చుక్కల తీగ. "ఎన్ని సుక్కలున్నయో లెక్కవెట్టు కోడలా" అనేది. ముప్పై దాకా పోయేసరికి నిద్రొచ్చేది.

నేను కోరుట్ల పోయిన రెండో ఏడు అత్త చేతికి పుండు లేచింది. ఎప్పుడో చిన్నప్పుడు గంజి ఒలికి కాలిన మచ్చ మోచేతి దగ్గర ఉండేది, అది పగిలి మానడం మానేసింది. పసుపు పెట్టారు, ఆకుపసరు పెట్టారు, మందుల షాపు వాడిచ్చిన గొట్టం మందు రాశారు. చివరికి కరీంనగర్ తీసుకుపోతే డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపి, ఇది చెడ్డ పుండు, ముదరకముందే చుట్టూ ఉన్న తోలంతా తీసేసి, తొడ మీది తోలు తెచ్చి అతకాలి అన్నాడు. ఆలస్యం చేస్తే చెయ్యి పోతుంది, ఇంకా ఆలస్యం చేస్తే మనిషే పోతుంది అని మొహం మీదే చెప్పాడట. అత్త అన్నిటికీ తలూపింది. లేచి వచ్చేముందు అడిగింది: "మరి నా పచ్చబొట్టు?" డాక్టరు నవ్వి, అది సగానికి పైన పోతుందమ్మా అన్నాడు. "అయితె నాకద్దు" అని చెప్పులేసుకుని బయటికొచ్చేసింది.

ఈ సంగతి తెలిసి నేను సిరిసిల్లకు పరుగెత్తాను. చెయ్యి గుడ్డలో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. మామ మూలన తలపట్టుకున్నాడు. నేను ఏడ్చాను, అరిచాను, తిండి మానేస్తానన్నాను. చదువుకున్నదాన్నని తెగ గీర ఆ రోజుల్లో నాకు. "గా చుక్కల కోసం పానం ఇడుస్తవా అత్తా? ఎవలన్న ఇంటె నవ్వుతరు" అన్నాను. అత్తకు కోపం రాలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "సొమ్ములదేమున్నది బిడ్డా, కాట్లె వెట్టేటప్పుడు అన్ని ఒలుసుకుంటరు. ముక్కుపుల్ల సుత ఇడువరు. మనెంట అచ్చేది గీ పచ్చబొట్టొక్కటే. మా అవ్వ దగ్గరుండి పొడిపిచ్చింది. నాకు తొమ్మిదేండ్లప్పుడు మా అవ్వ పాయె. అవతలికి పోయినంక గీ ముడుతల మొకం జూసి నన్నెట్ల గుర్తువడ్తది? గీ చెయ్యి జూసే గదా నా బిడ్డ అచ్చిందనుకునేది."  మా నాయనమ్మ మొహం నేనూ చూడలేదు, ఇన్నేళ్లకు మా బాపుకూ మసకగానే గుర్తు.

దారి చూపింది తంగళ్ళపల్లి ఎల్లవ్వ. సంత నాడు సిరిసిల్లకు వచ్చి పచ్చబొట్లు పొడిచే ముసలామె. మామ ఆమెను ఇంటికి పిలుచుకొస్తే, చెయ్యంతా తిప్పి చూసి, "గీ తీరు పని ఇప్పుడెవలు జేస్తలేరు. ఒంటిమీద పుండుండంగ సూది వెట్టద్దు. అది మానినంక బొమ్మ ఉన్నదున్నట్టు నా ముంగట వెడితె కుడిచేతికి సుక్క సుక్క ఎక్కిస్త. గని నాకు మసక మసక సూపెడితె నేను ముట్ట. ఒక్క సుక్క తప్పినా పాపం నాకు" అంది. అప్పుడు అత్త మొదటిసారి మెత్తబడింది. బొమ్మ మొత్తం దిగితే ఆపరేషన్‌కు వస్తానంది. మామ బటర్ పేపరు తెచ్చి చేతి మీద పెట్టి పెన్సిలుతో గీద్దామని చూశాడు గానీ పుండు పక్కన కాగితం తగలగానే అత్త కేక పెట్టింది, మిగతా చోట ముడతలు పడ్డ తోలు పెన్సిలుతో పాటే జరిగిపోయింది. చిలుక కోడిపిల్లయింది. "ఫోటో దియ్యరాదు? మన పిల్ల గదే పని జేస్తాంది గదా" అన్నాడు మామ. నాకు భలే గర్వమైంది. డాక్టరు దగ్గరికి మళ్లీ పోయి, పద్నాలుగు రోజుల తర్వాతి తేదీ తీసుకున్నాం.

కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగిస్తే దగ్గరి వస్తువు పెద్దగా కనిపించే రింగులు మూడు పెద్దబాపు దగ్గరుండేవి, దుబాయి నుంచి ఎవరో తెచ్చిచ్చినవి. అవి తీసుకుని, ఫోటో ఎంతలో పని అనుకుంటూ పోయాను. కిటికీ పక్కన మెత్త దిండు మీద అత్త చెయ్యి పెట్టించి ఒక రోలంతా తీశాను. కోరుట్లకొచ్చి కడిగి చూస్తే తులసి గద్దె అద్దంలా ఉంది, చిలుకలు మసక, తీగ సంగతి అడగొద్దు. రింగుల్లో ఏదో లోపముందన్నాను. పెద్దబాపు కళ్లజోడు పైనుంచి చూసి, "ఆడరాక మద్దెల ఓడన్నదట నీ అసొంటిదే" అన్నాడు. ఆ తర్వాత ఆయన చెప్పిన పాఠం నాకిప్పటికీ నోటికొచ్చు. "చెయ్యి రొట్టె తీరు సాపుగ ఉంటదా? గుండ్రంగుంటది. నువ్వు ఉబ్బుమీద సూపు వెడితివి, అంచులు కిందికి వాయె. దగ్గరికి పోయినకొద్ది లెన్సుకు ఓపిక తగ్గుతది, ఎంటికమందమే సాఫ్‌గ సూపెడ్తది. సూదిల దారమెక్కిచ్చేటప్పుడు మీ అవ్వ కండ్లెట్ల జేస్తది? చిన్నగ జేస్తది గదా. లెన్సు కన్ను సుత గట్లనే ఇరవై రెండు నంబరు మీద వెట్టి చిన్నగ జెయ్యి. ఇగ ఎలుగు తక్కువ లోపటికి పోతది గావట్టి ఎక్కువసేపు తెరిచిపెట్టాలె. ఎనిమిది లెక్కవెట్టు. సూపు ఉబ్బుమీద వెట్టకు, అంచుమీద వెట్టకు, రెండింటి నడుమ ఒక సుక్కను వట్టుకో." ఫ్లాష్ కొడదామా అంటే మందు రాసిన తోలు మీద తెల్లటి మరక పడుతుందన్నాడు.

రెండోసారి అన్నీ ఆయన చెప్పినట్టే చేశాను. స్టాండు వేశాను, ఇరవై రెండు మీద పెట్టాను, ఎనిమిది లెక్కపెట్టాను. కడిగితే ఈసారి అంచులూ నడుమా ఒక్క తీరుగా ఉన్నాయి, ఒక్క తీరుగా అలుక్కుపోయి. చుక్కకు చుక్క అంటుకుపోయింది. మళ్లీ బస్సెక్కాను. అత్త చెయ్యి కదిలిస్తోందని తేల్చుకుని, పలక లాంటి చెక్క మీద పాత చీర పేలికలతో ఆమె చేతిని కట్టేశాను. మూడోసారీ అదే. అప్పటికి తొమ్మిది రోజులు గడిచాయి. నేను చేసిన తప్పు చెప్పుకోవాలి. చేతిని కట్టేసిన ఆ రోజు నేను అత్త మీద విరుచుకుపడ్డాను. "ఎనిమిది లెక్కవెట్టేదాక సుత కుదురుగుండవా? నీ పానం మీదికచ్చింది, నీకు నిమ్మళం లేదా?" అని గల్లీకి వినబడేట్టు అరిచాను. నాకు నాలుగేళ్లు అన్నం పెట్టి, తల దువ్వి బడికి పంపిన మనిషిని. "ఉంటి గద బిడ్డా, ఊపిరి సుత పీల్వకపోతి" అంది గొణుగుతూ, కట్లు విప్పించుకుంటూ. పేలికల ఒరిపిడికి మణికట్టు ఎర్రగా కమిలింది. నేను చూసీ చూడనట్టు సామాను సర్దుకున్నాను.

 ఆ రోలు కూడా చూసి పెద్దబాపు స్టూడియోకు తాళం వేసి నాతో పాటు బస్సెక్కాడు. ఆపరేషన్‌కు ఇంక రెండు రోజులే ఉన్నాయి. అత్త అన్నను చూసి లేవబోతే, "కూసో చెల్లె" అని ఆమె పక్కనే నేల మీద కూలబడి, మామ ఇచ్చిన చాయ్ గ్లాసును స్టాండు కాలు పక్కన పెట్టాడు. తాగడానికి చెయ్యి చాచి, ఆగిపోయాడు. వంగి గ్లాసులోకి చూశాడు. చాయ్ మీద సన్నటి అలలు, ఒకదాని వెనుక ఒకటి, నడుమ నుంచి అంచుకు పోతున్నాయి.

"బావా, గీ చాయ్ ఎందుకు వణుకుతాంది?" అన్నాడు.

"చాయ్ వణుకుడేంది బావా, నీకు చత్వారమచ్చినట్టుంది" అన్నాడు మామ.

పెద్దబాపు అరచెయ్యి నేలకు ఆనించాడు. తర్వాత గోడకు. తర్వాత నా చెయ్యి గుంజి నేలకు అదిమిపెట్టాడు. అప్పుడు తెలిసింది నాకు. ఇల్లు ఇల్లంతా సన్నగా వణుకుతోంది. గోడవతల సాంచాలు కొట్టే ప్రతి దెబ్బా బండల్లోంచి స్టాండుకు, స్టాండులోంచి కెమెరాకు ఎక్కుతోంది. నాలుగేళ్లు ఆ నేల మీద పడుకుని, చదివి, తిని, ఆ వణుకు నా ఒంట్లో కలిసిపోయింది. అత్తకూ మామకూ అయితే భూమి అంటేనే అట్లా ఉంటుంది. బయటి మనిషికి ఒక్క చాయ్ గ్లాసుతో తెలిసిపోయినది మాకు ముగ్గురికీ పదకొండు రోజులు తెలియలేదు. నేను అత్త ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. "తప్పయింది అత్తా, నిన్ను అనరాని మాటలంటి" అంటే, "ఊకో పిచ్చిదానా, నేను సుత నా చెయ్యే వణుకుతాందనుకున్న. ముసలిదాన్నైతినని నా ఎడమ చెయ్యినే నేను తిట్టుకున్న" అంది. అది విని పెద్దబాపు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అత్తను కోరుట్లకు తీసుకుపోదామంటే, కరీంనగర్ బస్సు కుదుపులకే రెండు రోజులు జ్వరమొచ్చిందని మామ భయపడ్డాడు. ఇంకో గల్లీకి పోదామంటే అక్కడా సాంచాలే. సరే, కరెంటు పోయినప్పుడు తీద్దామనుకుని అంతా సిద్ధం చేసుకుని కూర్చున్నాం. రోజుకు నాలుగైదుసార్లు చెప్పాపెట్టకుండా పోయే కరెంటు, ఆ రోజు పోదే! పది గంటలైంది, పన్నెండైంది. మామ గుమ్మంలో నిలబడి స్తంభాన్ని చూస్తూ, "దీనవ్వ, పొమ్మంటె పోదు, ఉండుమంటె ఉండదు" అని తిడుతుంటే ఆ బాధలోనూ అందరం నవ్వాం. కిటికీ వెలుతురు మళ్లిపోతోంది. ఇక లాభం లేదని పక్క షెడ్డు ఆసామి దగ్గరికి పోయాం. ఆసామి అంటే సాంచాల యజమాని. "ఫోటో కోసం సాంచాలు ఆపుతరా ఎవలన్న? ఆపి మళ్ల నడిపితె బట్టమీద గీత వడ్తది, ఆ తాను ఎవలు తీసుకుంటరు?" అన్నాడతను. అతనన్నదీ నిజమే. మామ తలొంచుకుని వెనక్కి తిరిగాడు.

అరుగు మీద ఆసామి తల్లి కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఎనభై దాటిన మనిషి, రెండు చేతులా మోచేతుల దాకా పచ్చబొట్లే. "ఏంది, నర్సవ్వకు పచ్చబొట్టు పోతాందా?" అని అడిగింది. మామ చెప్పాడు. ఆమె చింతపండు పళ్లెం పక్కకు తోసి, కర్ర అందుకుని లేచింది. "ఓరి నీ బట్ట పాడుగాను! పచ్చబొట్టు లేకుంట ఆమెను పంపుతవారా? నన్నట్ల పంపుతవా రేపు?" అని కొడుకును ఒక్క కసురు కసిరి, ఒక్కో షెడ్డు గుమ్మం ముందు నిలబడి తలుపును కర్రతో కొట్టుకుంటూ గల్లీ చివరిదాకా పోయింది. ఒక షెడ్డు ఆగింది. ఇంకొకటి. చివరన ఏదో ఒక్క సాంచ కొంతసేపు కొట్టుకుని అదీ ఆగింది. అంత నిశ్శబ్దం ఆ గల్లీలో నేనెప్పుడూ వినలేదు. ఎదురింట్లో ఉయ్యాల్లో నిద్రపోతున్న పసిపిల్ల ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. ఎక్కడో కాకి అరిచింది. పని చేసేవాళ్లంతా బనీన్ల మీద నూలు దూదితో, కండెలు చుట్టే ఆడవాళ్లంతా చేతుల్లో దారాలతో వచ్చి మా ఇంటి ముందు నిలబడ్డారు.

మామ తెల్లధోతి ఒకటి మడత విప్పి పట్టుకుని కిటికీ వెలుతురును చేతి రెండో వైపుకు మళ్లించాడు. అత్త కళ్లు మూసుకుంది. నేను చూపును చిలుక తోక దగ్గరి చుక్క మీద నిలిపి పెద్దబాపును పిలిచాను. ఆయన రాలేదు. "నువ్వే తియ్యి, నీ అత్త" అన్నాడు. ఎనిమిది లెక్కపెట్టి ఒకటి తీశాను. మళ్లీ ఎనిమిది, ఇంకొకటి. ఆరు తీసేసరికి నా వీపు మీద చెమట ధారగా కారింది. "అయిపోయింది" అనగానే బయట ఎవరో చప్పట్లు కొట్టారు, ఆసామి "ఇగ నడుపుండ్రి" అని కేకేశాడు, నేల మళ్లీ వణకడం మొదలైంది. ఆ రాత్రే కోరుట్లకు పోయి కడిగాం. ఎర్ర దీపం కింద మందు పోసిన ట్రేలో కాగితం మీద ముందు చిలుక కన్ను తేలింది, తర్వాత గద్దె, తర్వాత తీగ ఈ వంపు నుంచి ఆ వంపు దాకా. పెద్దబాపు భూతద్దం పెట్టి అంచులు చూసి, నా నెత్తి మీద తడిచెయ్యి పెట్టాడు. చెయ్యంత సైజులోనే ప్రింటు వేసుకుని పోయి చూపిస్తే, అత్త దాన్ని పక్కన తన చేతితో పోల్చి చూసుకుని, "ఇగ పోదాం పా" అని తనే ముందు లేచింది.

మా మనవరాలు జగిత్యాలలోనే వ్యవసాయం చదువుతోంది, వరికి పట్టే పురుగుల ఫోటోలు తీస్తుంది. గోరంత పురుగు, మీసం నుంచి కాలి వెంట్రుక దాకా అంతా కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఎట్లా తీస్తావే అంటే, చూపును వెంట్రుకవాసి జరుపుతూ ముప్పై ఫోటోలు తీసి, ఒక్కోదాంట్లో బాగున్న ముక్కను కంప్యూటరే ఏరి కలుపుతుందని చెప్పింది. నాకు ముచ్చటేసింది. అసూయ కూడా పడ్డాను, అబద్ధమెందుకు. అప్పుడే ఉంటే అత్త మణికట్టు కమిలేది కాదు. కానీ డబ్బా తెచ్చుకున్న రోజు ఆ మంచి నెగెటివ్‌ను దానికి చూపిస్తే, "గిది ఒక్కటే షాటా అమ్మమ్మా?" అని నోరు తెరిచింది. ఒక్కటే, కానీ ఎంతమంది కలిస్తే ఆ ఒక్కటి! మొన్న సిరిసిల్ల పోతే ఆ గల్లీలో రెండు షెడ్లకు తాళాలున్నాయి. ఆ నిశ్శబ్దం మంచిది కాదు, పని లేని నిశ్శబ్దం. ఆసామి తల్లి లేదు, మామ లేడు, పెద్దబాపు లేడు. ఆపరేషన్ తర్వాత అత్త ఇరవై ఏళ్లకు పైనే బతికింది, నా పెళ్లి చేసింది, నా పిల్లలిద్దరికీ స్నానాలు పోసింది. ఆ ఇరవై ఏళ్లు నాకు ఎవరెవరు ఇచ్చారో ఒక్కొక్కరి మొహమూ నాకు గుర్తుంది. వాళ్లకు దండం పెట్టుకోని రోజు లేదు.

ఎల్లవ్వ వచ్చింది ఎడమ చేతి కట్లు విప్పిన నెల తర్వాత. వాకిట్లో చాప వేసి, ఫోటోను పీట మీద ఆనించి, దీపపు మసిని ఆకుపసరులో కలిపి సూదులు ముంచుకుంది. గద్దె అయ్యింది, చిలుకలయ్యాయి. అత్త పళ్లు బిగించి నా చెయ్యి పట్టుకుంది. పొద్దు వంగేసరికి తీగ చివరికొచ్చింది. చెయ్యి వెనక్కి తిరిగే అంచు అది, అత్త తన కళ్లతో ఎన్నడూ సరిగ్గా చూసుకోని చోటు, నా మొదటి ఫోటోలన్నింట్లో మసకగా కరిగిపోయిన చోటు. ఎల్లవ్వ ఫోటోను మొహం దగ్గరికి తెచ్చుకుంది. వేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టింది.

"ఈడ మూడు సుక్కలు లెవ్వు నర్సవ్వా. మాసిపోలే, అసలు పొడువనే లేదు. ఎవలో నడుమలనే ఇడిశిపెట్టిండ్రు. నింపాల్నా?"

అత్త ఫోటో అడిగి తీసుకుంది. ఆ ఖాళీ మీద వేలు పెట్టింది. 

"నేను బాగ ఏడ్సిన ఆనాడు. కాళ్లు కొట్టుకున్న. గీ మూడు సుక్కలే మిగిలినయి, మా అవ్వ పొడిచేటామె చెయ్యి వట్టి ఆపింది. సాలు తియ్యి, నా బిడ్డ ఓర్వలేకపోతాంది అన్నది" అంది. "నింపకు ఎల్లవ్వా. ఆడ మా అవ్వ చెయ్యున్నది."

ఎల్లవ్వ సూదిని ఆ మూడు చుక్కల మందం దాటించి, మిగిలింది పొడిచింది.